జీతం ఏడాదికి, అప్పు నెలకు

మన దగ్గర జీతాన్ని ఏడాది లెక్కన చెబుతారు, అప్పును నెల లెక్కన చెబుతారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు "తొమ్మిది లక్షల ప్యాకేజీ" అంటారు. కారు అమ్మేవాళ్లు "నెలకు పదమూడు వేలే" అంటారు. రాబడిని వీలైనంత పెద్ద అంకెలో, బాకీని వీలైనంత చిన్న అంకెలో చెప్పడం ఇప్పుడు వ్యాపార మర్యాద అయిపోయింది. ఈ రెండు అంకెలూ తరచూ ఒకే మనిషి చెవిన, కొద్ది నెలల తేడాతో పడతాయి. ఆ తరువాత నెలాఖరుకు డబ్బు చాలడం లేదని ఆ మనిషి అంటే, పొదుపు తెలియదని, ఆడంబరానికి పోయాడని చుట్టూ ఉన్నవాళ్లు తీర్పు చెప్పేస్తారు. నా పేచీ ఆ తీర్పుతోనే.

నేను హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జీతాల పట్టీ నా చేతుల మీదుగానే వెళ్తుంది. ఇరవయ్యో తారీకు దాటగానే అడ్వాన్సు దొరుకుతుందేమోనని మా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తుంటాను. దుబారా చేసి చేతులు కాల్చుకున్న వాళ్లు వాళ్లలో బహు తక్కువ. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బండి వాయిదా, ఈ మూడింటి మధ్య నలిగేవాళ్లే ఎక్కువ. వాళ్లు ఉద్యోగంలో చేరిన రోజున చేతికిచ్చిన కాగితాన్ని, అప్పు తీసుకున్న రోజున సంతకం పెట్టిన కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది.

ముందు ఉద్యోగపు కాగితం. సీటీసీ తొమ్మిది లక్షలు అనుకుందాం. పన్నెండుతో భాగిస్తే నెలకు 75 వేలు. చేరబోయే కుర్రాడు, అతని తల్లిదండ్రులు, అతనికి పిల్లనివ్వబోయేవాళ్లు అందరూ మనసులో చేసుకునే లెక్క ఇదే. కానీ సీటీసీ అంటే కంపెనీకి అయ్యే ఖర్చు, ఉద్యోగి చేతికి వచ్చే డబ్బు కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వేతన కోడ్ ప్రకారం అలవెన్సులు సగానికి మించితే, మించిన మేరకు వేతనంగానే లెక్కించాలి. అందుకని బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం, సగం, 4,50,000 అనుకుందాం. అందులో 12 శాతం చొప్పున కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 54,000. అది సీటీసీలోనే ఉంటుంది. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరిట బేసిక్‌లో 4.81 శాతం, అంటే 21,600 పైచిలుకు, అదీ సీటీసీలోనే. ఆరోగ్య బీమా ప్రీమియం ఒక 15 వేలు. పనితీరు చూసి ఏడాది చివర ఇస్తామనే వేరియబుల్ పే పది శాతం, 90 వేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 7,19,000 చిల్లర, నెలకు అరవై వేలకు కాస్త తక్కువ. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 4,500, వృత్తి పన్ను 200 పోతే బ్యాంకు ఖాతాలో పడేది 55,250 దగ్గర. కొత్త పన్ను విధానంలో ఈ స్థాయి జీతానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి సరిపోయింది.

పీఎఫ్ మన డబ్బే. దాన్ని కోత అని నేను అనను. కానీ గ్రాట్యుటీ సంగతి వేరు. మామూలు ఉద్యోగికి ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తయితే తప్ప అది రాదు. రెండు మూడేళ్లకొకసారి కంపెనీ మారితేనే జీతం పెరిగే రంగంలో, ఆ ఐదేళ్లు నిండేది ఎందరికి? ఎప్పటికీ చేతికి రాని మొత్తాన్ని ఏడాది జీతంలో కలిపి చెప్పడం నాకు న్యాయంగా తోచదు. వేరియబుల్ పే కూడా అంతే. ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు, సగం ఇవ్వవచ్చు. ఇల్లుగలాయన మాత్రం అద్దెలో సగం ఈ నెల, సగం ఏడాది చివర పుచ్చుకోడు.

డెబ్బై అయిదుకు, యాభై అయిదుకు మధ్య ఉన్న ఈ ఇరవై వేల ఖాళీలోనే చాలా అప్పులు పుడతాయి. డెబ్బై అయిదు వస్తుందనుకుని ఇల్లు చూసుకుంటారు, పిల్లను బడిలో చేరుస్తారు, చెల్లెలి పెళ్లికి మాట ఇస్తారు. మొదటి జీతం పడ్డాక మాట వెనక్కి తీసుకోలేరు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమని పెద్దలు అంటారు. మంచి మాటే. కానీ మంచం పొడవును అబద్ధపు కొలతతో చెప్పినవాళ్లను ఎవరూ ఏమీ అనరు, కాళ్లు చాపినవాడినే అందరూ తప్పుపడతారు.

ఇప్పుడు అప్పు కాగితం. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ, రెండు రూపాయలంటే వ్యాపారం, మూడు దాటితే రక్తం తాగుతున్నాడంటారు. చదువురాని మా నాయనమ్మ కూడా ఈ లెక్క నోటితో చేసేది. ఇంత పదునైన కొలబద్దను చేతిలో పెట్టుకుని బ్యాంకు మెట్లు ఎక్కగానే దాన్ని వదిలేస్తున్నాం. అది శాతాల్లో, ఇంగ్లీషులో, ఏసీ గదిలో జరుగుతుంది కాబట్టి అది వేరే రకం డబ్బు అనుకుంటున్నాం.

క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం కట్టకుండా వదిలేస్తే చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం చుట్టుపక్కల వసూలు చేస్తాయి. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పైన. రక్తం తాగుతున్నాడని మనం తిట్టే ఊరి షావుకారు కన్నా ఎక్కువ. 50 వేల బాకీ ఉందనుకోండి. నెల వడ్డీ 1,750, దాని మీద పన్ను 315, మొత్తం 2,065. బిల్లు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే కనీస మొత్తం అయిదు శాతం, అంటే 2,500 కడితే అసలులో తగ్గేది 435 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న పాల ప్యాకెట్టుకు, మందులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 30 శాతమంటే మన లెక్కలో రెండున్నర రూపాయల వడ్డీ, అదేమీ తక్కువ కాదు. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు ఆ మాత్రం గీత కూడా లేదు.

ద్విచక్ర వాహనాల అప్పుల్లో ఇంకో కిటుకు ఉంది, ఫ్లాట్ రేటు. "పది శాతమే సార్" అంటారు. లక్ష రూపాయలు, మూడేళ్లు, పది శాతం ఫ్లాట్ అంటే ఏడాదికి పది వేల చొప్పున ముప్పై వేల వడ్డీ, నెల వాయిదా 3,611. నెలనెలా అసలు కడుతూనే ఉన్నా వడ్డీ మాత్రం మూడేళ్లూ పూర్తి లక్ష మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కగడితే అది దాదాపు 18 శాతం. అంటే రూపాయిన్నర వడ్డీ. పది శాతం అని చెప్పి రూపాయిన్నర వడ్డీ పుచ్చుకుంటున్నారన్న మాట. ఊళ్లో ఎవరైనా ఇలా చేస్తే పదిమందిలో నిలదీస్తారు.

ఇక వడ్డీ లేని వాయిదాలు. వడ్డీ సున్నా అన్న భావనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరు 17న బ్యాంకులకు తేల్చి చెప్పింది. అయినా "నో కాస్ట్" అన్న పేరుతో అదే మాట మళ్లీ వచ్చింది. 60 వేల ఫోను, పన్నెండు నెలలు, నెలకు అయిదు వేలు. లోపల జరిగేది ఏమిటంటే, అమ్మేవాళ్లు ధరలో 4,900 దాకా తగ్గిస్తారు, బ్యాంకు 16 శాతం చొప్పున దాదాపు అంతే వడ్డీ వేస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు. కానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ, సుమారు 880 రూపాయలు, కొన్నవాడి నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ 4,900 తగ్గింపు రొక్కం ఇచ్చి కొనేవాడికి ఎందుకు రాదని ఎవరూ అడగరు.

కారు దగ్గరికి వద్దాం. ఈ మధ్య మా చిన్నాన్న కొడుకు కారు కొనాలనుకుని, "అన్నయ్యా, లెక్కలు నువ్వు చూడు" అని నన్ను షోరూముకు తీసుకెళ్లాడు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన వేసే సెస్సు కూడా పోయింది. అంతకుముందు ఎనిమిది లక్షలున్న చిన్న పెట్రోలు కారు మీద ఇది దాదాపు 68 వేల తగ్గుదల. మావాడు ఆ 68 వేలు మిగులుతాయని వెళ్లాడు. అక్కడి అబ్బాయి ధర ఊసెత్తలేదు. "మీరు అనుకున్న వాయిదాలోనే పై వేరియంట్ వస్తుంది సార్" అన్నాడు. సన్‌రూఫ్ చూపించాడు. ప్రభుత్వం వదులుకున్న పన్ను కొనేవాడి జేబులోకి రాకముందే సన్‌రూఫ్‌గా మారిపోబోయింది. ఇంకో మెట్టు పైకి వెళ్తే నెలకు "పదిహేను వందలే" ఎక్కువ అన్నాడు. ఏడేళ్లకు అది 1,26,000. ఈ అంకె అతని కాగితం మీద ఎక్కడా లేదు.

ఆ కాగితాన్ని ఇంకాస్త దగ్గరగా చూశాను. షోరూము ధర, జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా, అదనపు వారంటీ, ఫాస్టాగ్, "బేసిక్ కిట్" అని ఒక మొత్తం. ఆ కిట్‌లో ఉన్నవి నేల మీద పరిచే మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, ఒక పెర్‌ఫ్యూము సీసా. అది వద్దన్నాం. కాసేపు వాదన జరిగాక తీసేశారు. బీమా దగ్గర మాత్రం బిగుసుకున్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లు, బైకుకు అయిదేళ్లు థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. అది నిజం. కానీ ఆ బీమా షోరూములోనే కొనాలని ఎక్కడా లేదు. "ఇక్కడ తీసుకోకపోతే డెలివరీ ఆలస్యం కావచ్చు" అన్న మాట ఒకటి మెల్లగా వదిలారు. ఆ మాటకు లొంగిపోయే కుటుంబాలు ఎన్నో. అమ్మానాన్నలు ముహూర్తం పెట్టించుకుని వచ్చి కూర్చుంటారు, ఆ పూట ఎవరు వాదిస్తారు?

ఎనిమిది లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ. ఏడేళ్లకైతే వాయిదా 13,075, మొత్తం వడ్డీ 2,98,000 పైన. అయిదేళ్లకైతే వాయిదా 16,800, వడ్డీ 2,08,000. మూడేళ్లకైతే 25,600, వడ్డీ 1,22,500. ఏడేళ్లను ఎంచుకుంటే అయిదేళ్లకన్నా నెలకు 3,700 తగ్గుతుంది, వడ్డీ తొంభై వేలు పెరుగుతుంది. షోరూములో మాకు మొదట చూపించినది ఏడేళ్ల వాయిదా ఒక్కటే. మిగతావి అడిగితేనే చెప్పారు.

ఇక నడిపే ఖర్చు. దీన్ని మనం లీటరు ధరతో కొలుస్తాం, అక్కడే లెక్క తప్పుతుంది. మావాడు బాచుపల్లిలో ఉంటాడు, ఆఫీసు గచ్చిబౌలి. రోజుకు రానుపోను దాదాపు నలభై కిలోమీటర్లు, ఏడాదికి పది వేల కిలోమీటర్లు. బండి మొత్తం పది లక్షలయిందని, ఎనిమిదేళ్లు వాడి మూడున్నర లక్షలకు అమ్ముతాడని అనుకుందాం. విలువలో తరుగు కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు. ఏడేళ్ల అప్పు వడ్డీ మూడున్నరకు పైన. బీమా, సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ కలిపి ఏడాదికి 35 వేలు వేసుకుంటే మరో మూడున్నర. పెట్రోలు 107 రూపాయల లెక్కన, ఊరి రద్దీలో లీటరుకు పదిహేను కిలోమీటర్లు వస్తే ఏడు. మొత్తం ఇరవై రెండు రూపాయల పైమాటే. రోజుకు 880, నెలకు సగటున 18 వేలు. మొదట చెప్పుకున్న జీతంలో చేతికొచ్చే 55 వేలలో మూడో వంతు. మనం గింజుకునే పెట్రోలు ఇందులో మూడో వంతు కూడా లేదు.

అలాగని పెట్రోలు మీద కోపం అనవసరం అనను. పెట్రోలు జీఎస్టీలోకి రాదు. తెలంగాణలో దాని మీద రాష్ట్రం వేసే పన్ను, వ్యాట్, 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. ఆ సెస్సు కట్టి గుంతల్లో బండి నడిపేవాడికి కోపం రావడం సహజం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ ఎంతో కొంత తగ్గక తప్పదు, లీటరు ధర మాత్రం ఆ మేరకు తగ్గలేదు.

మరి కారు ఎందుకు, బస్సులో వెళ్లవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు ఒకసారి బాచుపల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్లి చూడాలి. మెట్రోలో వెళ్లాలంటే ముందు మియాపూర్ చేరాలి, అక్కడ ఎక్కి అమీర్‌పేటలో మారాలి, రాయదుర్గంలో దిగాలి, అక్కడి నుంచి మళ్లీ ఆటో. మ్యాపులో చూస్తే ఊరి మధ్యలోకి వెళ్లి తిరిగి పడమటికి రావడమే. 2025 మే నెలలో చార్జీలు పెంచాక, పది శాతం తగ్గింపు ఇచ్చాక కూడా మెట్రో గరిష్ఠ టికెట్ 69 రూపాయలు. అయినా డబ్బు లెక్కలో కారుతో పోలికే లేదు. పోలిక సమయంతో, ఓపికతో వస్తుంది. ఆఫీసు దగ్గర అద్దెలు భరించలేక దూరం వెళ్లినవాడు, ఆ అద్దెలో మిగిల్చినదంతా దారిలో ఖర్చు పెడుతున్నాడు. ఇది అతని విలాసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక మా ఆఫీసులో చాలామంది ఆడవాళ్ల నెల ఖర్చు కళ్లెదుటే తగ్గింది. బస్సు అనేది జీతం పెంపుతో సమానమని చెప్పడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

రిజర్వు బ్యాంకు ఈ వాయిదాల మాయకు ఒక విరుగుడు తెచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితం, ఇవ్వాలి. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, అప్పుకు తగిలించే బీమా వంటివన్నీ కలిపి ఏడాదికి అసలు రేటు ఎంతో అందులో రాయాలి. దాన్ని పన్నెండుతో భాగించండి, మన రూపాయి వడ్డీ లెక్క వచ్చేస్తుంది. అప్పు గడువు ఏడు రోజులు గానీ అంతకు మించి గానీ ఉంటే, ఆ కాగితంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి. కాబట్టి "ఈ రేటు ఈ సాయంత్రం వరకే" అన్న బెదిరింపుకు విలువ లేదు. అన్నిటినీ మించి, ఆ కాగితం అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే తెలుగువాడు తెలుగులో అడగవచ్చు. అడగాలి కూడా. కారు అప్పు స్థిర వడ్డీదైతే ముందే తీర్చేటప్పుడు జరిమానా ఎంతో కూడా అందులోనే చూసుకోవాలి.

ఉద్యోగపు కాగితానికి ఇలాంటి నిబంధన ఎందుకు ఉండకూడదు? ఆఫర్ లెటర్ మొదటి పేజీలో, సీటీసీ ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో అంతే పెద్ద అక్షరాల్లో, నెలకు బ్యాంకు ఖాతాలో పడే మొత్తం రాయమనడం పెద్ద కోరికేమీ కాదు. ఏది ఖాయం, ఏది కంపెనీ దయ, ఏది ఎన్నేళ్లు ఉంటే వస్తుంది, మూడు వరుసలు చాలు. జీతాల పట్టీ చేసే మాలాంటి వాళ్లకు అది అయిదు నిమిషాల పని. ఆ అంకె మా దగ్గర ముందే ఉంటుంది, అభ్యర్థికి చెప్పరు, అంతే. కార్మిక శాఖ తలచుకుంటే ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది. మా కంపెనీలో ఈ మాట నేను యాజమాన్యం ముందు పెట్టాను, చూద్దామన్నారు. మళ్లీ అడుగుతాను.

మావాడు సన్‌రూఫ్ వదిలేసి మొదట అనుకున్న వేరియంట్‌కే, అయిదేళ్ల వాయిదాకే నిలబడ్డాడు. బీమా బయట తీసుకున్నాడు. బ్యాంకులో తెలుగు కాగితం అడిగితే, ఇంగ్లీషుదే ఉంది, అందరూ దాని మీదే సంతకం పెడుతున్నారని అక్కడి అధికారి అన్నారు. మావాడికి ఇంగ్లీషు వచ్చు. అప్పుకు హామీ సంతకం పెట్టాల్సిన మా చిన్నాన్నకు రాదు. అందుకే సంతకం ఆపి, తెలుగు ప్రతి కావాలని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే హక్కు ఉంది, దానికి ఫీజు లేదు. ఆ దరఖాస్తు ఇప్పటికే రాసి పెట్టాను, తెలుగులోనే.